పన్నెండు అంకెలు, రెండు బటన్లు, వీడని చిక్కు

ఫోన్‌లో ఆడే తిప్పుడు పజిళ్ల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట పెట్టాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగైంది, తగ్గించబుద్ధి కాలేదు.

ప్రశ్న: అన్నా, మాది చౌటుప్పల్ దగ్గర ఊరు, ఇంటర్ సెకండియర్. 3×3 క్యూబ్ నిమిషంలోపే చేసేస్తాను. ఫోన్‌లో ఎం12 అనే పజిల్ దొరికింది, అందులో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు ఒక వరసలో ఉంటాయి. ఒక బటన్ నొక్కితే వరస మొత్తం తిరగబడుతుంది. ఇంకోటి నొక్కితే మొదటిది, చివరిది, రెండోది, చివరి నుంచి రెండోది, ఇలా ఒకదాని పక్కన ఒకటి వచ్చి కలిసిపోతాయి. అంతే, ఇంకేం లేదు. మూడు వారాలైంది, ఒకటి, రెండు సరిగ్గా పెడతాను, మూడోదాని జోలికి పోగానే మొత్తం చెడిపోతుంది. ఇంకో వింత ఏంటంటే నాలుగు అంకెలు వాటి చోట్లలో పడడం చూశాను గానీ ఐదో ఆరో పడి ఆగడం ఒక్కసారి కూడా చూడలేదు. యాప్‌లో తప్పుందా?

జవాబు: తప్పేం లేదు తమ్ముడూ, నువ్వు చూసిన ఆ వింతే ఈ పజిల్‌కు ప్రాణం. ఐదు అంకెలు వాటి చోట్లలో పడ్డాయంటే మిగతా ఏడూ పడినట్టే, ఇంకో దారి లేదు. అందుకే ఐదు, ఆరు, తొమ్మిది దగ్గర ఆగడం నీకు ఎప్పటికీ కనబడదు, నాలుగు తర్వాత నేరుగా పన్నెండే. మొత్తం అమరికలు కూడా ఇక్కడి నుంచే వస్తాయి: 12×11×10×9×8, అంటే 95,040. 3×3 క్యూబ్‌కు 4 పక్కన పందొమ్మిది అంకెలు పడేన్ని అమరికలు ఉంటాయి, దాని ముందు ఇది చీమంత. కానీ క్యూబ్‌లో కుడివైపు ఒకటి, పైన ఒకటి తిప్పి, ఆ రెండింటినీ వెనక్కి తిప్పితే కదిలే 20 ముక్కల్లో 7 మాత్రమే చెదురుతాయి, మిగతా 13 కుదురుగా ఉంటాయి. నువ్వు నేర్చుకున్న సూత్రాలన్నీ ఆ కుదురు మీద నిలబడ్డవే. ఇక్కడ ఏ వరసలో ఎన్నిసార్లు నొక్కినా, అసలు మార్పంటూ జరిగితే కనీసం 8 అంకెలు కదలాల్సిందే. మూడు అంకెలను మాత్రమే మార్చుకుందామంటే కుదరదు. చిన్న పజిల్ ఇంత సతాయించడానికి కారణం ఇదే, నీ తెలివి తక్కువై కాదు.

మొదటి బటన్‌ను ‘తిప్పు’ అని, రెండోదాన్ని ‘కలుపు’ అని అనుకుందాం. కలుపు నొక్కితే మొదటి చోట ఉన్నది కదలదు, మిగతా పదకొండు ఒకే గుండ్రంలో తిరుగుతాయి, పదకొండుసార్లు నొక్కితే మళ్లీ మొదటికి వస్తాయి. కాబట్టి 1 చివరి చోటికి వచ్చేదాకా కలుపు నొక్కి, ఒకసారి తిప్పు నొక్కితే 1 కుదిరింది. 2 రెండో చోటికి వచ్చేదాకా మళ్లీ కలుపు నొక్కు, 2 కుదిరింది. నువ్వు చేస్తున్నదీ ఇదే అయ్యుంటుంది. ఇంకా మిగిలినవి 720 అమరికలే, కానీ ఒట్టి బటన్లతో ఇక్కడి నుంచి ముందుకు పోలేవు, నీకంటూ ఒక పనిముట్టు కావాలి.

ఒక నోట్‌బుక్ తీసుకో. పజిల్ సరిగ్గా ఉన్నప్పుడు మూడుసార్లు కలుపు, ఒకసారి తిప్పు నొక్కు. 11 8 5 2 3 6 9 12 10 7 4 1 అని వస్తుంది. ఏది ఎక్కడికి పోయిందో గీతలు గీసి చూడు: 6 కదల్లేదు, 3, 5 చోట్లు మార్చుకున్నాయి, 7, 9, 10 ముగ్గురూ ఒక గుండ్రం, మిగతా ఆరు ఇంకో గుండ్రం. ఇప్పుడు ఆ నాలుగు నొక్కుళ్లను ఒక మూటగా అనుకొని మొదటి నుంచి మూడుసార్లు చెయ్యి. ముగ్గురి గుండ్రం మూడుసార్లకు ఇంటికి వచ్చేస్తుంది, ఆరుగురి గుండ్రం సగం తిరిగి జంటలుగా ఆగుతుంది, 3, 5 మారే ఉంటాయి. వరస 2 1 5 12 3 6 7 11 9 10 8 4 అవుతుంది. చూశావా, 6, 7, 9, 10 చోట్లు కదల్లేదు, మిగతా ఎనిమిదీ నాలుగు జంటలుగా మారాయి. ఇంతకంటే నెమ్మదైన కదలిక ఈ పజిల్‌లో లేదు. మూటను రెండుసార్లే చేస్తే 3, 5, 6 చోట్లు నిలిచి మిగతా తొమ్మిది మూడేసి చొప్పున తిరుగుతాయి, అదీ పనికొస్తుంది, రాసిపెట్టుకో.

కానీ నీకు కదలకూడనివి 1, 2 చోట్లు, ఈ పనిముట్టు కాపాడేది 6, 7, 9, 10 చోట్లను. మీకు పోచంపల్లి దగ్గరే కదా, అక్కడ ఇక్కత్ నేసేవాళ్లు రంగు అంటకూడని చోట నూలుకు ముందే గట్టిగా కట్టు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత కట్టు విప్పేస్తారు. ఇక్కడ కూడా అంతే. కుదిరిన అంకెలను కొన్ని నొక్కుళ్లతో ఆ నాలుగు చోట్లలోకి పంపు, పనిముట్టు నడిపించు, ముందు నొక్కినవన్నీ చివరి నుంచి మొదటికి వెనక్కి తీసెయ్. కలుపును వెనక్కి తీయాలంటే యాప్‌లో వెనక్కి వెళ్లే బటన్ ఉంటే అది, లేకపోతే ఇంకో పదిసార్లు కలుపు నొక్కడమే. చాలామంది ఓపిక ఇక్కడే పోతుంది, ముందు నొక్కింది రాసుకోకపోతే మాత్రం అంతా మళ్లీ మొదలు.

నాలుగు కుదిరాక మిగిలేవి ఎనిమిది అమరికలే, అందులో ఒకటి ఇల్లు. మిగతా ఏడింటిలో ఒకటి జంటల మార్పిడి, దానికి పై పనిముట్టు సరిపోతుంది. మిగతా ఆరింటిలో ఎనిమిది అంకెలు నాలుగేసి చొప్పున రెండు గుండ్రాలుగా తిరిగి ఉంటాయి. వాటి కోసం ఇంకో మూట వెతకాలి: ఎనిమిది అంకెలు ఒకే గుండ్రంగా, రెండు జంటగా మారి, రెండు అలాగే ఉండిపోయే మూట. దొరికితే దాన్ని రెండుసార్లు చేస్తే నాలుగు చోట్లు నిలుస్తాయి, ఎనిమిది నాలుగేసి తిరుగుతాయి. ఆ మూట నేను చెప్పను. మూడు వారాలు వదలకుండా కూర్చున్నవాడివి, అది నీ చేతికే దొరకాలి.

ప్రశ్న: సార్, మాది వనపర్తి, డిగ్రీ చదువుతున్నాను. అదే ఎం12ను పత్తాలతో ఆడుకోవచ్చని ఆసు నుంచి రాణి దాకా ఒకే రంగువి పన్నెండు తీసుకున్నాను. మా తమ్ముడు బాగా కలిపి ఇచ్చాడు. మూడు రోజులుగా చేస్తున్నాను, నాలుగు కుదిరాక మిగతావి అస్సలు రావు. నా పద్ధతి తప్పా?

జవాబు: పద్ధతి కాదమ్మా, తమ్ముడు కలపడమే తప్పు. పన్నెండు పత్తాలను చేత్తో ఇష్టమొచ్చినట్టు కలిపితే 47,90,01,600 వరసలు వస్తాయి. రెండు కదలికలతో చేరగలిగేవి అందులో 95,040 మాత్రమే, అంటే 5,040 వరసలకు ఒకటి. మీ తమ్ముడు ఇచ్చింది ఆ ఒకటి కాకపోవడమే సహజం. అది ఏడాది కూర్చున్నా రాదు. మామూలు క్యూబ్‌ను ఊడదీసి ఇష్టమొచ్చినట్టు బిగిస్తే పన్నెండింట ఒకసారే తీరేలా ఉంటుంది, గళ్లలో జరిపే 15 అంకెల పజిల్‌లో బిళ్లలు పీకి పెడితే సగం సార్లు తీరదు. అక్కడ కొంతైనా ఆశ ఉంది, ఇక్కడ దాదాపు లేదు.

కాబట్టి వరసగా పేర్చి మొదలుపెట్టండి. కలుపు అంటే కట్ట పై నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, మళ్లీ పై నుంచి ఒకటి తీస్తూ బల్ల మీద వరసగా పెట్టడం, తిప్పు అంటే ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ ఒకదాని మీద ఒకటి వేయడం. తమ్ముణ్ని ఇవి రెండే ఇష్టమొచ్చిన క్రమంలో ఒక ఇరవైసార్లు చేసి ఇవ్వమనండి, చూడకుండా కూర్చోండి. నా ఉద్దేశంలో ఫోన్ కంటే ఇదే బాగుంటుంది, ఏ పత్తా ఎక్కడికి పోతుందో చేతికే తెలుస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లో 2×2×2 క్యూబ్ ఆడుతున్నాను, మధ్య ముక్కలు లేవు కాబట్టి ఏ రంగు ఎటువైపో తెలియక టెన్షన్. ఏం చేయాలి? (దేవరకొండ)

జవాబు: ఒక మూల ముక్కను ఎంచుకుని దాన్ని ఇక కదపకండి. దానికి ఎదురుగా ఉన్న మూడు వైపులు తిప్పితే చాలు, ఏ అమరికైనా వస్తుంది. 36,74,160 అమరికలు ఉన్నాయి గానీ ఎంత చెడినా 11 తిప్పుళ్లు దాటదు.

ప్రశ్న: పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని, నాగర్‌కర్నూల్. నా మనవడు ఎం12 చూపించాడు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, పేరులో ఆ ‘ఎం’ ఎవరు?

జవాబు: నమస్కారం సార్. ఆ ‘ఎం’ ఎమిల్ మాథ్యూ, ఫ్రాన్స్ గణిత శాస్త్రవేత్త. ఐదు చోట్లు కుదిరితే అన్నీ కుదిరే ఈ అమరికల గుంపును ఆయన 1861లోనే రాశారు. రూబిక్ క్యూబ్ పుట్టింది 1974లో, అంటే దానికంటే వందేళ్లకు పైగా ముందు. మాథ్యూ రాసిన ఆ గుంపును ఇగోర్ క్రిజ్, పాల్ సీగెల్ అనే ఇద్దరు రెండు బటన్ల పజిల్‌గా మార్చి 2008లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో అందరి ముందు పెట్టారు. చేత్తో తిప్పే క్యూబ్‌లా ఒక వస్తువుగా దీన్ని తయారుచేయడం కష్టం, ఒక్క నొక్కుతో దాదాపు అన్ని అంకెలూ చోటు మారాలి కదా, అందుకే ఇది స్క్రీన్ మీద పుట్టింది.

మీ మనవడికి ఇది తీరిపోతే ఇదే కుటుంబంలో ఎం24 ఉంది. 23 అంకెలు గుండ్రంగా, ఒకటి బయట, అక్కడ కూడా రెండే కదలికలు, అమరికలు 24,48,23,040. మీరిద్దరూ కలిసి కూర్చోండి, వాడు నొక్కుతుంటే మీరు గుండ్రాలు రాయండి.