సబ్‌స్క్రిప్షన్ ఆపితే పాత ఎడిట్లు పోతాయా?

అన్నా, ఆషాఢంలో మన అనంతపురంలో పెళ్లిళ్లే ఉండవు, ఖాళీ నెలలకి ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టడం ఆపితే పాత ఎడిట్లు పోతాయా అని అడిగారు. పోవు. ఫొటోల, ఎడిట్ల వివరాలు దాచే క్యాటలాగ్ తెరుచుకుంటుంది, ఫొటోలు ఎక్స్‌పోర్ట్ అవుతాయి. రంగు, వెలుతురు దిద్దే డెవలప్ మాడ్యూల్ మాత్రం పనిచేయదు. పార్టీ వచ్చి ‘పెళ్లికూతురి మొహం మీద నీడ కాస్త తగ్గించండి’ అంటే మళ్లీ కట్టాల్సిందే. మనం చేసిన పనిని మనమే దిద్దుకోలేకపోవడం అన్యాయం. 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 అయితే ఒకసారి కొంటే సరిపోయేది.

ఆపే ముందు లైబ్రరీలో ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎస్ నొక్కండి. రా ఫొటోల (కెమెరా ఇచ్చే మూల ఫైళ్ల) మార్పులు పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైళ్లలో సేవ్ అవుతాయి. ముఖ్యమైనవి నాణ్యత తగ్గని టిఫ్ ఫార్మాట్‌లో తీసిపెట్టుకోండి. ఏడాది ప్లాన్‌కి నెలనెలా కడుతుంటే మధ్యలో మానితే రద్దు రుసుము పడుతుంది, గడువు తేదీ చూసుకోండి. ఈలోపు ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి తిప్పుకోండి.