వాటా కన్నా ముందు తేల్చుకోవాల్సింది

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

బావగారు కొన్న స్థలాన్ని ఫ్లాట్లు కట్టడానికి బిల్డర్‌కు ఇవ్వబోతున్నావనీ, మీ వాటా 40 శాతమా 50 శాతమా అన్నచోట మాట ఆగిందనీ అమ్మ చెప్పింది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ స్థలాన్ని అమ్మే హక్కు ఏ రోజున, ఎంతవరకు బిల్డర్ చేతికి వెళ్తుంది?

నా స్థలం ఇచ్చినప్పుడు నేను సంతకాల రోజే మా బిల్డర్‌కు అమ్మకం హక్కుతో సహా పవరాఫ్ అటార్నీ, అంటే నా తరఫున సంతకం చేసే అధికారపత్రం, రాసిచ్చాను. పునాది పడకముందే ఆయన వాటా ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ డబ్బు వేరేచోటికి మళ్లింది, మా పని శ్లాబుల దగ్గరే రెండేళ్లు ఆగింది. కొన్నవాళ్లు నా గుమ్మం ముందుకు వచ్చి అడిగారు. స్థలం నా పేరునే ఉంది మరి. వాళ్లకు జవాబు చెప్పలేక నేను పడ్డ బాధ నీకు వద్దు.

అందుకే ఆ హక్కును విడతలుగా ఇవ్వు. మీ బిల్డర్‌కు 10 ఫ్లాట్లు వస్తాయనుకో. పునాది అయ్యాక 2, శ్లాబులన్నీ పడ్డాక 3, గోడలు, ప్లాస్టరింగ్ పూర్తయ్యాక 3, చివరి 2 మాత్రం మీ ఫ్లాట్ల తాళాలు నీ చేతికి వచ్చాకే. మొత్తం బిగబట్టుకుని కూర్చోకు, మధ్యలో డబ్బు ఆడకపోతే ఆయన మాత్రం ఎలా కడతాడు? స్థలాన్ని తాకట్టు పెట్టే హక్కు మాత్రం వద్దే వద్దు.

ఇక వాటా. 50 శాతం అంటే మెట్లు, నడవాలు కలిపిన విస్తీర్ణంలోనా, గోడల లోపలి కొలతలోనా? మీవి ఏ అంతస్తులో ఏ ఫ్లాట్లో, పార్కింగ్ ఎక్కడో ప్లాను మీదే రంగు వేసి ఇద్దరూ సంతకాలు చేయండి. తర్వాత ఇంకో అంతస్తుకు అనుమతి వస్తే అందులోనూ అదే వాటా అని రాయించు.

24 నెలల్లో ఇస్తామంటే ఎప్పటి నుంచి అని అడుగు. అనుమతి వచ్చిన నాటి నుంచి అంటే, అనుమతి తేవడానికీ ఒక గడువు పెట్టు. ఆలస్యమైతే నెలనెలా అద్దెకు తగ్గని పరిహారం ఇవ్వాలి. పనే ఆగిపోతే ఎన్ని నెలలకు ఒప్పందం రద్దవుతుందో, అప్పటిదాకా కట్టినదానికి ఎవరు వెల కట్టాలో కూడా ఇప్పుడే రాసుకోండి. బిల్డర్ ఇచ్చే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

అమ్మ, అక్క సంతకాలు ముందే తీసుకో. హక్కు పత్రాల్లో చిక్కుంటే ఆ ఆలస్యం మన ఖాతాలోనే పడుతుంది.

ముసాయిదాను మన లాయరుకు చూపించి నాకూ పంపు. ఈలోగా ఆ బిల్డర్ కట్టి అప్పగించిన ఇల్లు ఒకటి చూసి, ఆ స్థలం యజమానితో కాసేపు మాట్లాడి రా.

మీ మామయ్య