వయోలిన్, పియానో: ఇందులో పక్కవాద్యం ఏది?

ప్రశ్న: చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం వింటున్నాను. రామకోటిలోని సంగీత కళాశాలలో కొంతకాలం వయోలిన్ కూడా నేర్చుకున్నాను. ఈ మధ్య మా అమ్మాయి బెథోవెన్ వయోలిన్ సొనాటాలు (కొన్ని భాగాలుగా సాగే పాశ్చాత్య వాద్య రచనలు) ఫోనులో పెట్టి వినమని ఇచ్చింది. వయోలిన్ వినసొంపుగానే ఉంది గానీ, పియానో మాటిమాటికీ అడ్డం వస్తున్నట్టు అనిపిస్తోంది. పక్కవాద్యం ఇంత హడావిడి చేయవచ్చునా? పాత తరం విద్వాంసుల రికార్డింగుల్లో దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఈ సొనాటాల్లో పియానో పక్కవాద్యం కాదండీ. చరిత్ర చూస్తే, ఆ మాట మొదట్లో వయోలిన్‌కే ఎక్కువ వర్తించేది. 18వ శతాబ్దంలో ఇటువంటి రచనలను వయోలిన్ తోడుగా ఉన్న పియానో సొనాటాలుగానే అచ్చువేసేవారు. బెథోవెన్ రాసిన 10 వయోలిన్ సొనాటాల్లో తొలి మూడింటి ముఖపత్రం మీద కూడా మెట్ల వాద్యం పేరే ముందుంటుంది, వయోలిన్ పేరు తరువాత వస్తుంది. 1803 నాటి ‘క్రాయిట్జర్’ సొనాటాకు వచ్చేసరికి రెండు వాద్యాలూ సమ ఉజ్జీలై పోటీపడతాయి. గాయకుణ్ణి అనుసరించే వయోలిన్‌కు అలవాటుపడిన మన చెవి ఇక్కడ కూడా ఒక ప్రధాన కళాకారుణ్ణి వెతుక్కుంటుంది. మీకు పియానో అడ్డం వస్తున్నట్టు తోచడానికి అదే కారణం.

మొదట ‘స్ప్రింగ్’ అని పేరుపడిన ఐదవ సొనాటా ఆరంభాన్ని వినండి. వయోలిన్ ఒక పాటను హాయిగా పాడుతూ ఉంటే, పియానో కింద మెల్లగా పారుతూ ఉంటుంది. అర నిమిషమైనా గడవకముందే అదే పాటను పియానో అందుకుంటుంది, అంతవరకు పియానో చేసిన పనిని వయోలిన్ తలకెత్తుకుంటుంది. చాలామంది వయోలిన్ పాట ఆగగానే ధ్యాస సడలించి, అది మళ్లీ వచ్చేదాకా వేచి ఉంటారు. అలా విన్నవారికి సగం సొనాటా అందదు. మూడు నాలుగు సార్లు పట్టుదలగా పియానోనే వినండి, వయోలిన్ సంగతి మరిచిపోండి. వయోలిన్ నేర్చినవారు కాబట్టి దానిని మీ చెవి ఎలాగూ వదలదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. కమాను లాగినంతసేపూ వయోలిన్ స్వరం నిలుస్తుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. పియానోలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే స్వరం సన్నగిల్లడం మొదలవుతుంది. పైగా దాని స్వరస్థానాలు బిగించినవి, గమకానికి అవకాశం లేదు. ఇంత విరుద్ధ స్వభావాలున్న రెండు వాద్యాల చేత ఒకే పాట పాడించడమే ఈ రచయితలు తలపెట్టిన పని. స్వరకర్త సెజార్ ఫ్రాంక్ 1886లో వయోలిన్ విద్వాంసుడు యూజెన్ ఇజాయీ పెళ్లికి కానుకగా రాసిన సొనాటా చివరి భాగంలో, పియానో ముందు ఎత్తుకున్న పాటనే ఒక్క బార్ (తాళంలో ఒక ఆవర్తం వంటిది) వెనకగా వయోలిన్ అనుసరిస్తుంది. ఆలాపనలో గాయకుడి వెనకే వచ్చే వయోలిన్‌ను ఎరిగిన మీకు ఇది ఎంతమాత్రం కొత్తగా ఉండదు.

ఇక రికార్డింగుల విషయం. వయోలిన్ మీద ఆర్థర్ గ్రూమియో, పియానో మీద క్లారా హాస్కిల్ 1956, 57లలో రికార్డు చేసిన బెథోవెన్ సొనాటాలతో మొదలుపెట్టండి. గ్రూమియో పియానో కూడా చక్కగా వాయించేవారు, హాస్కిల్‌కు వయోలిన్ వచ్చు. ఒకరి వాద్యం ఏ క్షణంలో ఊపిరి తీసుకుంటుందో మరొకరికి తెలుసుననడానికి ఆ రికార్డింగులే సాక్ష్యం. రెండు వాద్యాలూ మరింత విడివిడిగా, స్పష్టంగా కావాలంటే డేవిడ్ ఒయిస్త్రాఖ్, లెవ్ ఒబొరిన్ 1962లో చేసిన స్టీరియో రికార్డింగులు ఉన్నాయి. చెవి కుదిరాక, యోసెఫ్ సిగెటి, బేలా బార్టోక్ 1940 ఏప్రిల్ 13న వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేసిన కచేరీని వినండి. సిగెటి నాదంలో తీపి తక్కువ, కమాను ఒక్కోచోట గీరుకుంటుంది. అయినా అక్కడి ‘క్రాయిట్జర్’లో, వయోలిన్ ఒంటరిగా ఎత్తుకున్న తొలి వాక్యానికి బార్టోక్ పియానో ఇచ్చే జవాబులో ఉన్న తెగువ, ఎంతో నునుపుగా వాయించిన రికార్డింగుల్లో నాకు కనబడలేదు.

ఒక మాట, ఫోను స్పీకరులో వినవద్దు. పియానో మంద్రస్థాయి అందులో దాదాపు మాయమై, పై మెట్ల టకటక మాత్రమే మిగులుతుంది. మీ ఫిర్యాదులో కొంత భాగం దానిదే కావచ్చు.

ప్రశ్న: గ్రామఫోను కాలం వయోలిన్ విద్వాంసులే గొప్పవారని మా నాన్నగారు అంటారు. నాకు ఆ రికార్డుల్లో గరగర తప్ప ఏమీ వినిపించదు. అంత శ్రమపడి వినడంలో ప్రయోజనం ఏమిటి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: గొప్ప, తక్కువ అన్న వాదాన్ని అలా ఉంచి, అప్పటివారు వాయించిన పద్ధతే వేరని గమనించండి. జాక్ తిబో గానీ, ఫ్రిట్జ్ క్రైస్లర్ గానీ ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తరచు జారుతూ వెళ్తారు. మన సంగీతంలో జారు విన్నవారికి అది వెంటనే పట్టుబడుతుంది. తరువాతి తరాలవారు దానిని బాగా తగ్గించుకున్నారు. తిబో, పియానో విద్వాంసుడు ఆల్ఫ్రెడ్ కోర్తోతో కలిసి ఫ్రాంక్ సొనాటాను 1923లో ఒకసారి, 1929లో మరొకసారి రికార్డు చేశారు. మొదటిది మైకు లేని రోజుల్లో, శబ్దాన్ని పట్టే కొమ్ము ముందు నిలబడి వాయించినది, రెండవది 1925లో మైకుతో రికార్డింగు మొదలైన తరువాతది. మీరు రెండవదే వినండి, పియానోకు నిండుతనం అందులోనే వచ్చింది.

78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేటుకు ఒక పక్క నాలుగు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది, తప్పు దొర్లితే ఆ పక్క అంతా మళ్లీ వాయించవలసిందే. 1928లో క్రైస్లర్‌తో కలిసి గ్రీగ్ సొనాటా రికార్డు చేసినప్పుడు ఆరు పక్కలనూ ఒక్కొక్కటి ఐదేసిసార్లు వాయించామని పియానో వాయించిన రహ్మానినోవ్ తరువాత చెప్పారు. ఆయన అంత పట్టుబట్టినా ఆ వాయింపులో ఎక్కడా అలసట కనబడదు. క్రైస్లర్ 1935, 36లలో ఫ్రాంజ్ రుప్‌తో బెథోవెన్ సొనాటాలు పదింటినీ పూర్తిచేశారు. అవి మనోహరమే గానీ, పియానో వెనకపాటున ఉన్నట్టు తోస్తుంది. నా ఓటు రహ్మానినోవ్‌తో చేసిన వాటికే. గరగర సంగతంటారా, రెండు మూడు రోజుల్లో చెవి దానిని పక్కన పెట్టేస్తుంది.

ప్రశ్న: జుమ్మేరాత్ బజారులో పాత వయోలిన్, పియానో ప్లేట్లు కొన్ని దొరికాయి. కొత్తగా కొన్న రికార్డు ప్లేయరు మీద వేయవచ్చునా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు వేగం చూడండి. చాలా కొత్త ప్లేయర్లకు 33, 45 వేగాలే ఉంటాయి. 78 వేగం ఉన్నా, ఎల్‌పీ (33 వేగంతో తిరిగే లాంగ్ ప్లే రికార్డు) ముల్లుతో ఆ ప్లేట్లు వేయకండి. వాటి గాడి వెడల్పు, ఎల్‌పీ ముల్లు అడుగుకు దిగిపోయి దుమ్మునే చదువుతుంది. 78 కోసం వేరే ముల్లు అమ్ముతారు. లక్క ప్లేట్లు పెళుసు కాబట్టి ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా సర్దండి. మన ఊరి వేసవిలో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, ఎండపడే కిటికీ దగ్గరా, అటకమీదా ఏ రికార్డునూ ఉంచవద్దు.