రెండో గేరు గరగరమంటే

ప్రశ్న: మాది 2006 మోడల్ మారుతి 800. మూడు నుంచి రెండుకు దించితే గరగరమంటోంది. మెకానిక్ గేర్‌బాక్స్ దించాలంటున్నాడు. తప్పదా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి, సులువుగా పడుతున్నాయో లేదో చూడండి. తర్వాత స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. రివర్స్‌కు సింక్రో (గేరు పడేముందు వేగాలు సమం చేసే రింగు) ఉండదు. లోపలి షాఫ్ట్ ఇంకా తిరుగుతుంటే అక్కడే గరగరమంటుంది. అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, గేర్‌బాక్స్ తప్పేం లేదు. మీది కేబుల్ క్లచ్. పెడల్‌ను చేత్తో నొక్కితే బరువు తగిలేలోపు సుమారు 2 సెం.మీ. ఖాళీ ఉండాలి. ఎక్కువుంటే గేర్లు పడవు. అసలు లేకపోతే క్లచ్ ప్లేటు జారి మాడిపోతుంది. సరిచేసే నట్టు గేర్‌బాక్స్ వైపు కేబుల్ చివర ఉంటుంది.

రివర్స్ మెత్తగా పడి, రెండో గేరు ఒక్కటే గొణుగుతుంటే ఆ గేరు సింక్రో రింగ్ అరిగినట్టే. అయినా ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. బండి సమతలంగా నిలిపి, ఆయిల్ నింపే పై ప్లగ్ ముందు విప్పండి, ఆయిల్ వదిలే కింది ప్లగ్ తర్వాతే. పాత ఆయిల్ వదిలేశాక పై ప్లగ్ రాకపోతే బండి కదలదు! రంధ్రం అంచు దాకా ఆయిల్ ఉండాలి. గ్రేడు 75డబ్ల్యూ-90, జీఎల్-4. జీఎల్-5 పోయొద్దు, దానిలోని సల్ఫర్ మందులు ఇత్తడి రింగులను తినేయగలవు. ప్లగ్ మీద బూడిదరంగు మెత్తటి పేస్టు మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలుంటే బాగోలేదు. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వానాకాలం నీళ్లలో నడిపిన బండిలో ఇది ముందు అనుమానించాలి.

చివరికి దించక తప్పకపోతే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటును నొక్కేది) కలిపి మార్పించండి. కూలీ ఒక్కటే కదా. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని విడిభాగాల దుకాణాల్లో కొనేటప్పుడు పాత ప్లేటు చేతిలో ఉంటే పళ్ల లెక్క పోల్చుకోవచ్చు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ మాన్యువల్ గేర్ల కారు కొనేముందు ఏం చూడాలి?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: న్యూట్రల్‌లో వచ్చే గొరగొర క్లచ్ తొక్కితే ఆగితే షాఫ్ట్ బేరింగ్, తొక్కితేనే వస్తే రిలీజ్ బేరింగ్. ఖాళీ రోడ్డుపై పై గేరులో 40 స్పీడుకు ఆక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజన్ అరుస్తూ బండి ఊపు అందుకోకపోతే క్లచ్ జారుతోంది. ఆక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు తనంతట న్యూట్రల్‌లోకి ఎగిరిపోతే ఆ బండి వదిలేయండి.