స్పితి వ్యాసం తిరగరాయబోయే అమ్మాయికి

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయీ,

హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్లొచ్చి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదట గబగబా, తర్వాత పెన్సిల్ పట్టుకుని తీరిగ్గా. వాక్యం బాగుంది. చదివించే గుణం ఉంది. అచ్చుతప్పులు కూడా పెద్దగా లేవు, ఈ రోజుల్లో అదీ చెప్పుకోదగ్గ విషయమే. కానీ సగం పేజీల్లో నువ్వే ఉన్నావమ్మా. నీ తలనొప్పి, నీ బ్యాగు, ఆఫీసు కాల్స్ రాకపోవడంలోని హాయి, కుంజుమ్ కనుమ దగ్గర నీకు వచ్చిన ఏడుపు. స్పితి మాత్రం నీ వెనకాల కనిపించే కొండల దగ్గరే ఆగిపోయింది.

"పత్రికకు పంపమంటారా మాస్టారూ" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే సరే" అనేసి మర్చిపోతావు.

మొదట "అమాయకులు" అన్న మాట కొట్టేశాను. "భూతల స్వర్గం" ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టేశాను. "కాలం ఇక్కడ నిలిచిపోయింది" అన్నది కూడా. నువ్వు అమాయకురాలన్న ఆ హోమ్‌స్టే ఆవిడ గురించి నువ్వే రాసినదాన్ని మళ్లీ చదువు. పొద్దున్నే పొలానికి వెళ్లి వచ్చింది, నలుగురికి వంట చేసింది, మధ్యలో ఫోన్‌లో మండీ ధర, అదే టోకు మార్కెట్ ధర, కనుక్కుంది, కొడుకు హాస్టల్ ఫీజు గురించి ఎవరితోనో గట్టిగా మాట్లాడింది, సాయంత్రం మీ దగ్గర గది అద్దె పైసాతో సహా లెక్కపెట్టి తీసుకుంది. ఇందులో అమాయకత్వం ఎక్కడుంది? మనాలి నుంచి స్పితికి వచ్చే కుంజుమ్ దారి నవంబరు నుంచి మే దాకా మంచులో మూసుకుపోతుంది. ఏడాది సంపాదనంతా ఆ కొద్ది నెలల వేసవిలోనే చూసుకోవాలి. అలాంటి చోట లెక్క రాని మనిషి నెగ్గుకురాలేదు.

ఆ మండీ ధర దేనికి కనుక్కుంది? నువ్వు అడగలేదు. నేననుకోవడం పచ్చి బఠాణీకి. స్పితిలో ఇప్పుడు డబ్బు తెచ్చే పంట అదే. మైదానాల్లో బఠాణీ చలికాలపు పంట. వేసవిలో, వానల్లో అక్కడి మార్కెట్లో దొరకదు. స్పితిలో కోత సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఢిల్లీ వైపు లారీలు కదులుతాయి. తాతల నాటి బార్లీ ఇంటి తిండికి మిగిలింది. దాన్ని వేయించి విసిరితే సాంపా, అచ్చం మన పేలపిండి లాంటిదే. నువ్వు అది తిని "విచిత్రమైన రుచి" అని రాశావు. పేలపిండి తిని పెరిగిన గుంటూరు పిల్లకు అది విచిత్రం ఎలా అయింది?

ఇక నీళ్ల సంగతి. నీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఒకటుంది, దాన్ని నువ్వు అలా వదిలేసి వెళ్లిపోయావు. "ఊరి దగ్గర ఒక గీత గీసినట్టు పచ్చదనం ఆగిపోయింది" అన్నావు. ఆ గీత ఎవరు గీశారో కనుక్కోవాల్సింది. వానమబ్బుల్ని పీర్ పంజాల్ కొండలు అవతలే ఆపేస్తాయి. స్పితికి వాన దాదాపు లేనట్టే. పొలానికి నీళ్లు కావాలంటే పైన కరిగిన మంచును కొండ చరియ వెంబడి సన్నటి కాలువ తవ్వి ఊరిదాకా తెచ్చుకోవాలి. దాన్ని కుల్ అంటారు. కొన్ని కాలువలు కిలోమీటర్ల పొడవుంటాయి. కుల్ ఎంత ఎత్తు నుంచి వస్తే దాని కింది నేలే పచ్చన, పై నేల ఎర్రమన్ను. అదీ నీ గీత. చలికాలం మంచు తక్కువ పడితే వేసవిలో కాలువ ఎండుతుంది. అందుకే "మంచు పడక ఈసారి హాయిగా ఉంది" అని మనం అనుకునే ఏడాది వాళ్లకు కరువు ఏడాది. నీళ్లు ఎవరి వంతు ఎప్పుడో, ఎవరి కుటుంబానికి మొదటి హక్కో, కాలువ పూడిక తీయడానికి ఇంటికొక మనిషి ఎలా వెళ్తాడో, ఒక సాయంత్రం కూర్చుని అడిగితే నీకు వ్యాసం కాదు, పుస్తకమే దొరికేది.

ఇంటి సంగతి కూడా ఇలాంటిదే. "పెద్ద ఇంటి పక్కన బొమ్మరిల్లులా చిన్న ఇల్లు, ఎంత ముద్దుగా ఉందో" అని రాశావు. ఆ పెద్దది ఖాంగ్‌చెన్, చిన్నది ఖాంగ్‌చుంగ్. పెద్ద కొడుక్కి పెళ్లయి సంసారం కుదురుకున్నాక పెద్ద ఇల్లు, పొలం అతని చేతికి వస్తాయి. అమ్మానాన్నలు కాస్త పొలం తీసుకుని చిన్న ఇంటికి మారతారు. తమ్ముళ్లు గొంపాకు, అంటే బౌద్ధ మఠానికి, పోయి లామాలయ్యేవాళ్లు. ఇది చాదస్తమూ కాదు, భక్తి ఒక్కటే కూడా కాదు. కుల్ పారే నేలే కొంచెం, దాన్ని అన్నదమ్ములు పంచుకుంటూ పోతే రెండు తరాల్లో ఎవరికీ గింజ మిగలదు. ఇప్పుడు తమ్ముళ్లు ట్యాక్సీ నడుపుతున్నారు, సర్కారు ఉద్యోగాలకు పరీక్షలు రాస్తున్నారు, హోమ్‌స్టేలు పెడుతున్నారు. పాత కట్టు సడలుతోంది. ఆ సడలడం మీద ఇంట్లోవాళ్లకు తలో అభిప్రాయం ఉంటుంది. చిన్న ఇంట్లోని ముసలమ్మ ఒకటి చెబుతుంది, కోడలు ఒకటి చెబుతుంది. నువ్వు ఇద్దరితోనూ ఫొటో దిగావు.

ఆడవాళ్ల గురించి రాసిన పేరా మొత్తం తిరగరాయాలి. "ఇక్కడ ఆడా మగా తేడా లేదు" అన్నావు. పొలంలో ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా, ఒక్కోసారి ఎక్కువే కష్టపడటం నువ్వు చూశావు, అది నిజమే. కానీ ఆచారం ప్రకారం తండ్రి పొలంలో కూతురికి వాటా రాదు. అక్కడివాళ్లు షెడ్యూల్డ్ తెగలవాళ్లు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆ తెగలకు దానంతట అది వర్తించదు కాబట్టి అక్కడ ఆచారానిదే పైచేయి. దీన్ని నిలదీస్తున్న ఆడవాళ్లు ఆ జిల్లాలోనే ఉన్నారు. ఆస్తి ముక్కలు కాకూడదన్న పైమాటకు ఇది రెండో వైపు. రెండూ పక్కపక్కనే పెట్టు. తీర్పు నువ్వు చెప్పక్కర్లేదు.

దారి గురించి రెండు మాటలు. నువ్వు మనాలి నుంచి ఒక్క రోజులో స్పితిలోని పెద్ద ఊరు కాజా చేరావు. బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైచిలుకు. మనాలి 2,000 దాటుతుంది. కుంజుమ్ 4,500 దాటుతుంది. కాజా 3,600 పైనే. ఆ ఎత్తులో ఒక్కో ఊపిరికి దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. తలనొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని డాక్టర్లు చెబుతారు. ఈసారి వెళ్తే సిమ్లా మీదుగా కిన్నౌర్ దారి పట్టు. రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, తాబో, తర్వాత కాజా. ఒంటికి మంచిదనే కాదు, రాతకూ మంచిదని చెబుతున్నాను. దేవదారులు, ఆపిల్ తోటలు, చిల్గోజా పైన్లు ఒక్కొక్కటే వెనకబడిపోతాయి. ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. ఆ తర్వాత ఊళ్ల దగ్గర తప్ప కొండల మీద చెట్టు దాదాపు కనిపించదు. మనాలి దారిలో ఇదంతా మలుపుల మధ్య కళ్లు మూసుకున్నప్పుడు జరిగిపోతుంది.

దారి మీద పలుగు, పార పట్టుకున్నవాళ్లను చూశావా? జార్ఖండ్, బిహార్ నుంచి వచ్చిన కూలీలు. ఆ రోడ్డు లేకపోతే నువ్వూ లేవు, బఠాణీ లారీ లేదు. నీ వ్యాసంలో వాళ్లకు ఒక్క వాక్యం కూడా రాలేదు.

మరుగుదొడ్డి మీద జోకు తీసేయి. చలికాలంలో గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టే చోట ఫ్లష్ పనిచేయదు. కింది గదిలో మట్టి, బూడిద, పేడతో కలిసి మాగినది వసంతంలో పొలానికి ఎరువవుతుంది. నీ బఠాణీ అందులోంచే వచ్చింది.

తాబో బౌద్ధ మఠం గురించి నువ్వు రాసింది ఐదు వాక్యాలు, అందులో ఒకటి "హిమాలయాల అజంతా". ఈ బిరుదు అందరూ రాసేదే, నీకు అక్కర్లేదు. అజంతా కొండ రాతిని తొలిచినది. తాబో 996లో మట్టితో కట్టినది. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు యేషే ఓ, అనువాదకుడు రించెన్ జాంగ్‌పో, వీళ్ల కాలంది. వెయ్యేళ్లు దాటినా మట్టిగోడ మీద బొమ్మ ఉందంటే ముఖ్య కారణం అక్కడ వాన పడకపోవడం. ఇప్పుడు వాన తీరు మారుతోంది, మట్టి కప్పులు కురిస్తే బొమ్మల గతేమిటన్నది అక్కడివాళ్ల టెన్షన్. లోపల ఫొటోలు తీయనివ్వరని నువ్వు విసుక్కున్నావు. రాసేవాళ్లకు అది వరం కదమ్మా! చీకటికి కళ్లు అలవాటు పడేదాకా నిలబడి, ఒక్క గోడనే పట్టుకుని, అందులో ఎవరున్నారు, ఏ రంగు మిగిలింది, ఏ రంగు రాలింది, మనసులో పెట్టుకుని బయటికి వచ్చి రాసుకోవాలి. అన్ని గోడలూ చూడాలని పరిగెత్తినవాళ్లకు ఏ గోడా గుర్తుండదు.

అక్కడే నీకు తెలుగు దారి ఒకటి ఉంది. తాబోకు వెయ్యేళ్లు నిండిన 1996లో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చారు, టిబెటన్ బౌద్ధుల పెద్ద దీక్షల్లో అదొకటి. 2000లో కీ గొంపా దగ్గర ఇచ్చారు. 2006 జనవరిలో ఎక్కడ ఇచ్చారో తెలుసా? అమరావతిలో. బుద్ధుడు కాలచక్రం బోధించింది అక్కడి ధాన్యకటక స్తూపం దగ్గరేనని టిబెటన్ల నమ్మకం. అంటే నువ్వు అంత దూరం వెళ్లి చూసిన లామాలకు మీ ఊరి పక్కన ఉన్నది పుణ్యక్షేత్రం. నువ్వు "మేం ఆంధ్రా నుంచి వచ్చాం" అని ఒక లామాతో చెబితే ఆయన చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడని, నీకు అర్థం కాలేదని రాశావు. ఏమన్నాడో నేను ఊహించను. కానీ ఆ చోట వ్యాసం తలుపు తెరిచింది, నువ్వు లోపలికి వెళ్లలేదు.

హిక్కిమ్ పోస్టాఫీసు అందరూ రాస్తారు. 1983 నుంచి ఉంది, అంత ఎత్తున, నువ్వూ పోస్ట్‌కార్డు వేశావు. సరే. కానీ అది మనకు కార్డులు వేసిపెట్టడానికి పెట్టింది కాదు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పొదుపు ఖాతాలున్నది అక్కడే. ఆ కిటికీ దగ్గర పాసు పుస్తకం పట్టుకుని నిలబడే మనిషి కోసం కాసేపు కాచుకుని ఉండాల్సింది. లాంగ్జాలో పిల్లల దగ్గర కొన్న శిలాజం సంగతి మాత్రం గొప్పగా రాయకు. హిమాలయాలు లేవకముందు అక్కడున్న టెథిస్ సముద్రం నాటివి అవి, ఒక్కో బ్యాగులో ఒక్కోటి దిగిపోతే ఆ కొండలో ఏం మిగులుతుంది? నీ షెల్ఫ్‌లో ఉన్నదాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం, అది చదివి ఇంకొకరు కొనడం మాత్రం నాకిష్టం లేదు.

2011 లెక్కల్లో లాహౌల్ స్పితి జిల్లా మొత్తానికి జనాభా 31,564. విస్తీర్ణం 13,800 చదరపు కిలోమీటర్ల పైమాటే. మీ మారతహళ్లి జంక్షన్‌లో ఒక సాయంత్రం అంతకన్నా ఎక్కువ మంది కనిపిస్తారు. అంత తక్కువ మంది ఉన్న చోట ఎవరి గురించి ఏం రాసినా ఊరంతటికీ తెలిసిపోతుంది. హోమ్‌స్టే ఆవిడ అత్తగారితో పడ్డ గొడవ నువ్వు ఊరి పేరుతో సహా రాశావు. తెలుగు వాళ్లకెవరికి వస్తుందిలే అనుకున్నావేమో, ఫోన్ పెడితే అరనిమిషంలో హిందీలో చదివిపెడుతుంది. ఆవిడ నంబరు నీ దగ్గరే ఉంది కదా, ఫోన్ చెయ్యి. ఏం రాయబోతున్నావో చెప్పు. వద్దంటే తీసేయి. ఎలాగూ చేస్తున్నావు కాబట్టి కుల్ వంతుల గురించీ ఆ మండీ ధర గురించీ అడుగు. బఠాణీ కోత రోజుల్లో మాత్రం చేయకు, విసుక్కుంటుంది.

తిరగరాసేటప్పుడు కుంజుమ్ దగ్గర మొదలుపెట్టకు. పచ్చదనం ఆగిన గీత దగ్గర మొదలుపెట్టు. నీ తలనొప్పి ఉండనీ, ఒక్క వాక్యం చాలు.

ఇంకొకటి. హిమాలయ ఊళ్ల నుంచి ఎందరో కుర్రాళ్లు బౌద్ధ మఠాల్లో పెద్ద చదువులకు మన కర్ణాటకకే వస్తారు, టిబెటన్లు స్థిరపడిన ముండగోడ్‌కు, బైలకుప్పెకు. బైలకుప్పెలో సెరా మఠం ఉంది. స్పితి కుర్రాడు ఒకడు దొరక్కపోడు, వాడికి కన్నడ వచ్చి ఉంటుంది, నీకూ కాస్త వచ్చు. ఫోన్‌లో హిందీలో ఆవిడ ముక్తసరిగా చెప్పినవి అతను తీరిగ్గా చెప్పవచ్చు. వెళ్లేట్టుంటే ముందే చెప్పు, నేనూ వస్తాను. శనివారం తెల్లవారకముందే బయల్దేరాలి, లేకపోతే మైసూరు రోడ్డు ఎక్కేసరికే టిఫిన్ వేళ దాటిపోతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు