టెక్ సందేహాలు: ఎం సైజా, ఎల్ సైజా? ఏటిగట్టు మీద తొక్కేవాళ్లకు ఫ్రేమ్ లెక్క

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర. విడి ఫ్రేమ్ ఆన్‌లైన్‌లో కొని, పార్టులు ఒక్కొక్కటే తెప్పించుకుని మౌంటెన్ బైక్ బిగించుకుందామని ఉంది. నా ఎత్తు 171 సెం.మీ. ఒక సైజు కాలిక్యులేటర్ ‘ఎం’ అంటోంది, ఇంకొకటి ‘ఎల్’ అంటోంది. షాపాయనేమో ‘18 అంగుళాలది కళ్లు మూసుకుని తీసుకోండి’ అంటున్నాడు. రోజూ తొక్కేది ఏటిగట్టు మీద, కాలవగట్ల మీద. ఎప్పుడైనా మారేడుమిల్లి వెళ్తాం. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు షాపాయన సంగతి చూద్దాం. 18 అంగుళాలంటే సీటు గొట్టం పొడవు. పై గొట్టం నేలకు సమాంతరంగా ఉండే రోజుల్లో ఆ ఒక్క కొలతతో ఫ్రేమ్ మొత్తం అంచనాకు వచ్చేసేది. ఇప్పుడు పై గొట్టం వెనక్కి వాలిపోయింది. మీట నొక్కితే కిందికి దిగే డ్రాపర్ సీట్‌పోస్టులు వచ్చాక, వాటికి చోటు కోసం కంపెనీలు సీటు గొట్టాన్ని కావాలనే పొట్టి చేస్తున్నాయి. కాబట్టి 17, 18 అనే అంకెలు ఫ్రేమ్ ఎంత పొడవుందో చెప్పవు. ఎం, ఎల్ అక్షరాలూ అంతే. రెడీమేడ్ చొక్కాల్లాగా ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎల్‌కి సరిపోతుంది. కాలిక్యులేటర్లు చాలావరకు ఎత్తు ఒక్కటే అడిగి ఒక అక్షరం చేతిలో పెడతాయి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుం పైభాగం పొడుగు ఉండొచ్చు కదా, ఆ తేడా వాటికి తెలియదు.

మీరు చూడాల్సింది కంపెనీ వెబ్‌సైట్‌లో ‘జామెట్రీ’ పేరుతో ఉండే పట్టిక. అందులో రీచ్, స్టాక్, ఎఫెక్టివ్ టాప్ ట్యూబ్ అనే మూడు అంకెలు పట్టుకోండి. పెడల్ ఇరుసు, అంటే బాటమ్ బ్రాకెట్ మధ్యభాగం నుంచి, ముందు హ్యాండిల్ కింద ఉండే గొట్టం (హెడ్ ట్యూబ్) పైకొన మధ్యకు అడ్డంగా ఎంత దూరమో అది రీచ్. అదే చోటుకు నిలువుగా ఎంత ఎత్తో అది స్టాక్. హెడ్ ట్యూబ్ పైకొన నుంచి సీట్‌పోస్టు దాకా నేలకు సమాంతరంగా గీసిన గీత పొడవు ఎఫెక్టివ్ టాప్ ట్యూబ్.

ఈమధ్య యూట్యూబ్‌లో ఎవర్ని కదిపినా రీచ్, రీచ్ అంటున్నారు. ఆ గోల మనకు పూర్తిగా వర్తించదు. రీచ్ అసలు అవసరం పెడళ్ల మీద నిలబడి దిగుడు దిగేటప్పుడు. కోనసీమలో దిగుడు ఎక్కడుంది? వంతెన దిగేటప్పుడు తప్ప మనం సీటు మీంచి లేవం. గంటల తరబడి కూర్చుని తొక్కేవాడికి చేతులు ఎంత చాచాలో తేల్చేది ఎఫెక్టివ్ టాప్ ట్యూబ్, ఎంత వంగాలో తేల్చేది స్టాక్. ఇంకో మెలిక ఉంది. కొత్త మోడళ్లలో సీటు గొట్టం నిటారుగా, 76 డిగ్రీలు, ఆపైన కూడా ఉంటోంది. నిట్టనిలువు ఎక్కుడులో అది బాగుంటుంది. చదును నేల మీద మాత్రం ఒంటి బరువు ముందుకు, అరచేతుల మీదకు వస్తుంది. కొత్త బండి కొన్నాక చేతులు తిమ్మిరెక్కుతున్నాయనేవాళ్లలో కొందరి సమస్య ఇదే. మీకైతే 73, 74 డిగ్రీల దగ్గరుండే మామూలు హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని) ఫ్రేమే నయం. మారేడుమిల్లి ఘాట్‌కి కూడా అది చాలు.

మరి మీకు ఎంత కావాలి? యాప్‌ని అడక్కండి, ఇప్పుడు తొక్కుతున్న సైకిల్‌నే అడగండి. చదునైన గచ్చు మీద ముందు చక్రాన్ని గోడకు ఆనించి, బండి ఒరగకుండా ఎవరినైనా పట్టుకోమనండి. గోడ నుంచి పెడల్ ఇరుసు మధ్యకు ఎంత దూరమో, గోడ నుంచి హెడ్ ట్యూబ్ పైకొన మధ్యకు ఎంత దూరమో టేపుతో కొలవండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే రీచ్. ఆ రెండు చోట్లూ నేల నుంచి ఎంతెత్తున ఉన్నాయో చూసి తీసివేస్తే స్టాక్. హెడ్ ట్యూబ్ పైకొన నుంచి సీట్‌పోస్టు దాకా నేలకు సమాంతరంగా టేపు పట్టి కొలిస్తే ఎఫెక్టివ్ టాప్ ట్యూబ్. టేపు వంకర పోకుండా దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీస్తే కొలత ఖచ్చితంగా వస్తుంది. ఈ బండి మీద మెడ లాగుతోందా, మోకాళ్లు హ్యాండిల్‌కి తగిలేలా ఇరుగ్గా ఉందా అన్నది మీకు తెలుసు. ఆ అంకెలకు ఇటో అటో ఒకటి రెండు సెంటీమీటర్లు జరిపితే మీ ఫ్రేమ్ దొరికినట్టే.

కాళ్ల కొలత కూడా తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు నుంచి నేలకు కొలవాలి. దాన్ని 0.883తో హెచ్చిస్తే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. 79 సెం.మీ. అయితే దాదాపు 70. ఇది సీట్‌పోస్టుతో సర్దుకునేదే. పోస్టు మీదున్న కనీస గీత మాత్రం గొట్టం బయటికి కనపడకూడదు. సర్దుకోలేనిది స్టాండోవర్, అంటే నేల నుంచి పై గొట్టం ఎత్తు. కాళ్ల కొలత కన్నా కనీసం 5 సెం.మీ. తక్కువుండాలంటారు. గట్టు మీద తొక్కేవాళ్లు ఇంకొంచెం ఎక్కువే చూసుకోండి. ఎదురుగా ట్రాక్టరొచ్చి పక్కకు ఆగితే మీ కాలు పడేది వాలు మీద, చక్రాలు ఉన్న మట్టం కన్నా కిందికి. అప్పుడు తెలుస్తుంది పై గొట్టం ఎత్తెంతో.

రెండు సైజుల మధ్య పడితే? రెండు చేతులూ బార చాపి కొలవండి. బార ఎత్తు కన్నా ఎక్కువుంటే పెద్దది, తక్కువుంటే చిన్నది. చిన్న ఫ్రేమ్‌కి 60, 70 మి.మీ. స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) వేసి కాస్త సాగదీయొచ్చు. పెద్ద ఫ్రేమ్‌ని కుదించడం కష్టం. సీటు ముందుకు జరిపి సరిపెట్టేస్తాం అనే మెకానిక్ మాట వినకండి, మోకాళ్ల లెక్క తప్పుతుంది. మీరు రాసిన ఎత్తుకు నా ఓటు ‘ఎం’కే, బార కొలత చూశాకే డబ్బు కట్టండి.

విడిగా బిగిస్తున్నారు కాబట్టి ఇంకో మాట. పట్టికలో అంకెలన్నీ ఒక పొడవు ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టుకుని, కుదుపుకు కుంగే భాగానికి) రాసినవి. 100 మి.మీ. కుంగే ఫోర్కుకు చేసిన ఫ్రేమ్‌లో 120 కుంగేది పెడితే ముందుభాగం లేస్తుంది, హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబ్ వాలు కోణం) దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, రీచ్ సుమారు సెంటీమీటరు తగ్గుతుంది. ఇంత కష్టపడి కొలిచిందంతా అక్కడ పోతుంది. వెనక ఇరుసు వెడల్పు 135 మి.మీ.నా, 142నా, 148నా అన్నది చూడకుండా చక్రం కొనకండి. సీట్‌పోస్టులో 27.2, 30.9, 31.6 మి.మీ. వేర్వేరు మందాలు, సుత్తితో సరిపెట్టే వ్యవహారం కాదు. బాటమ్ బ్రాకెట్ మరలు ఉన్న రకమే తీసుకోండి. మన బురదకీ నీళ్లకీ మరలు లేకుండా నొక్కి బిగించే ప్రెస్‌ఫిట్ రకం కిర్రుకిర్రుమనడం మొదలుపెడితే దాన్ని ఊడదీసే పనిముట్టు చిన్న ఊళ్లో దొరకదు. వెనక టైరుకి ఇరువైపులా ఖాళీ కూడా చూడండి. వానాకాలం ఒండ్రుమట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య పేరుకుంటే చక్రం తిరగనే తిరగదు. 2.4 అంగుళాల టైరు పట్టే ఫ్రేమ్‌లో 2.25 వేసుకోవడం మేలు.

ప్రశ్న: కాళ్ల కొలత, ఫ్రేమ్ కొలతలు ఫోన్ కెమెరాతో కొలిచే యాప్‌తో తీసుకోవచ్చా? (భీమవరం)

జవాబు: బీరువా గదిలో పడుతుందా లేదా చూడ్డానికి అది చాలు. ఎం, ఎల్ మధ్య రీచ్ తేడా మామూలుగా 20, 25 మి.మీ. మాత్రమే. యాప్ ఒకటిన్నర సెంటీమీటరు తప్పు చూపిస్తే మీరు సగం సైజు పక్కకు పోయినట్టే. దర్జీ టేపు వాడండి. ఫోన్‌లో ఉండే లెవెల్ మాత్రం సీటు చదునుగా ఉందో లేదో చూసుకోడానికి బాగా పనికొస్తుంది.

ప్రశ్న: సైకిల్ హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి మ్యాప్ చూస్తూ తిరుగుతాను. కుదుపులకు కెమెరా పాడవుతుందంటున్నారు, నిజమేనా? (నరసాపురం)

జవాబు: 2021లో యాపిల్ హెచ్చరించింది మోటార్‌సైకిళ్ల గురించి. పెద్ద ఇంజిన్ల అదురు హ్యాండిల్ ద్వారా ఫోన్‌కి చేరితే, ఫొటో కదలకుండా పట్టి ఉంచే లెన్స్ యంత్రాంగం దెబ్బతినొచ్చని చెప్పింది. సైకిల్‌కి ఇంజిన్ లేదు కాబట్టి అంత టెన్షన్ అక్కర్లేదు. అయినా కంకర రోడ్డు మీద రోజూ తొక్కేవాళ్లు అదురు పీల్చుకునే హోల్డర్ తీసుకుంటే మంచిది. దారి తెలిసిందే అయితే యాప్‌లో తిరిగిన దారి రికార్డింగ్ ఆన్ చేసి, స్క్రీన్ ఆపేసి ఫోన్‌ని జేబులో పెట్టుకోండి. జీపీఎస్‌కి స్క్రీన్ వెలుగుతో పనిలేదు, బ్యాటరీ కూడా మిగులుతుంది. సఖినేటిపల్లి వైపు పంటు ఎక్కేటప్పుడు మాత్రం ఫోన్ హ్యాండిల్‌కి వదిలేయకండి. ఆ రద్దీలో సైకిల్ ఒరిగితే మొదట నేలకు తగిలేది అదే.