మడిలో దిగబోయే అల్లుడికి

అల్లుడూ,

మావయ్య ఆశీస్సులు. మధురవాడలో ఉద్యోగం మానకుండానే, పద్మనాభంలో మీ నాన్న రెండెకరాలూ ఈ ఖరీఫ్ నుంచి నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. నువ్వు కొనాలనుకుంటున్న ఎరువులు, మందుల లిస్టు కూడా వాట్సాప్‌లో పంపింది. అది చూశాకే ఈ ఉత్తరం.

ఆ లిస్టు రాసినాయన నీ పొలం చూడలేదు, దుకాణంలో కూర్చుని రాశాడు. నేనూ చాలా ఏళ్ళు అలాంటి చీటీల మీదే వ్యవసాయం చేశాను కాబట్టి నిన్ను తప్పుపట్టే మొహం నాకు లేదు.

ఏమీ కొనకముందు ఒక పని చెయ్యి. మంచి వాన పడ్డ మర్నాడు వెళ్ళి, మీ మడిలోంచి నీళ్ళు ఎటు పోతున్నాయో వాటి వెంటే నడువు. కింది మడి, దాని కింది మడి, కాలువ, గెడ్డ, చివరికి గోస్తని. బొర్రా దగ్గర పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే ఆ ఏటి నీళ్ళు కొంత విశాఖ కుళాయిల్లోకీ వస్తున్నాయి. నువ్వు మడిలో వేసింది గట్టు దగ్గర ఆగిపోదు.

నాకిది కళ్ళారా చూశాకే తెలిసింది. ఒక ఏడు వరి దుబ్బు మొదట్లో రసం పీల్చే సుడిదోమ పడితే దుకాణంలో చెప్పినట్టు మూడు మందులు కలిపి కొట్టాను. సాయంత్రం ట్యాంకు గెడ్డలో కడిగేసి ఇంటికొచ్చేశాను. తెల్లారి గేదెల్ని తోలుకెళ్తే మడుగులో మట్టగిడసలు, వేలెడంత కొర్రమీను పిల్లలు పొట్టలు పైకెట్టి తేలుతున్నాయి. ఒక పీత గట్టెక్కబోయి, జారిపడి, మళ్ళీ ఎక్కబోతోంది. గేదెల్ని వెనక్కి తోలుకొచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు, మీ అత్తకి కూడా.

ఇంత చేసినా సుడిదోమ పోయిందా అంటే, రెండు వారాలు తిరక్కుండానే ముందుకన్నా ఎక్కువగా వచ్చింది. దాన్ని తినే సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ మందుకి చచ్చాయి. దాని గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల భద్రంగా ఉన్నాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే సుడిదోమ తగ్గకపోగా పెరుగుతుందని తర్వాత ఒక వ్యవసాయాధికారి చెప్పాడు. నీ లిస్టులో మూడోది అదే. లిస్టులోంచి తీసెయ్.

దుబ్బుకి పిలకలు పుట్టే దశ నుంచీ వారానికి రెండుసార్లు పొద్దున్నే మడిలో తిరుగు. వరి కొసల మీద మంచుకి తడిసిన సాలెగూళ్ళు కనిపిస్తే ఆ మడికి కాపలా ఉన్నట్టే. దుబ్బుని కొంచెం వంచి మొదట్లో తట్టు, నీళ్ళ మీద ఎన్ని దోమలు రాలాయో లెక్కపెట్టు. పిలకల మీద ఉన్నప్పుడు దుబ్బుకి పది దాటకపోతే మందు జోలికి పోకు, మడిలో నీళ్ళు తీసి ఆరబెట్టు. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకీ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలమను. నాటే కూలీలు గొణుగుతారు, పట్టించుకోకు.

ఇక యూరియా. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. చవక కాబట్టే చెయ్యి ఆగదు. పక్క మడి పచ్చగా కనిపిస్తే మనకీ ఇంకో అరబస్తా చల్లాలని టెన్షన్. ఆ బస్తాలో నత్రజని 21 కిలోల లోపు, అందులోనూ వరికి సగం కూడా అందదు. మిగిలింది కొంత నీళ్ళతో గెడ్డకి పోతుంది, కొంత గాల్లో కలుస్తుంది. గాల్లోకి పోయేదాంట్లో కాస్త నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. అది కిలోకి కిలో బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 270 రెట్లు వేడి పెంచుతుంది. ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగిన వరి అంటే సుడిదోమకి పండగ. అంటే ఎరువుకి ఒకసారి, దోమ మందుకి ఒకసారి డబ్బు కడతావన్నమాట. యూరియాని మూడు దఫాలుగా, నీళ్ళు తీసేసిన బురద పదునులో చల్లు. రెండు రోజుల తర్వాతే మళ్ళీ నీళ్ళు పెట్టు.

మిషన్ల సంగతి నాకే పూర్తిగా తేలలేదు. కూలీలు దొరకని రోజుల్లో కోత మిషన్ వద్దని ఎలా చెప్పను? కానీ పూర్వం కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలోనే మినుములు చల్లేవాళ్ళం. ఆ పదునుకే మొలిచి, నీళ్ళు పెట్టకుండా పండేవి. వేళ్ళ బుడిపెల్లో నేలకి నత్రజని దాచిపెట్టేవి. మిషన్ చక్రాల కింద ఆ మొలకలు బతకవు, నేల గట్టిపడుతుంది. మినుము పోయింది, ఆ లోటు యూరియా బస్తా పూడ్చింది. నీది రెండెకరాలే కదా, ఒక ఎకరం చేత్తో కోయించి మినుము చల్లి చూడు. మిషన్ తిరిగిన ఎకరంలో మాత్రం గడ్డికి నిప్పు పెట్టకు. ఉభాలకి, అంటే నాట్లకి ముందు పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పూత దశలో కలియదున్ను.

బోరుకి ఉచిత కరెంటు ఉందని కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగే ఆటో స్టార్టర్ పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోకు. సముద్రం దగ్గరి ఊళ్ళలో అతిగా తోడితే ఉప్పునీళ్ళు లోపలికి వస్తాయి, ఒకసారి వస్తే ఇక తొందరగా పోవు.

ప్రకృతి వ్యవసాయం వీడియోలు నువ్వు చూస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. మంచిదే, నేనూ చేస్తున్నాను. రెండొందల లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, అయిదు లీటర్ల ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపితే ఎకరానికి సరిపడా జీవామృతం, అంటే నేలకి పెట్టే ద్రావణం. కానీ రెండెకరాలూ ఒకేసారి మార్చెయ్యకు. నాకు మొదటి ఏడు దిగుబడి బాగా తగ్గింది, ఆ మాట వీడియోల్లో ఎవరూ చెప్పరు. అర ఎకరంతో మొదలుపెట్టు. గెత్తం, అంటే పశువుల ఎరువు, మా పెంటకుప్ప నుంచి తోలుకెళ్ళు, డబ్బులేమీ వద్దు.

వచ్చే ఆదివారం రా. మట్టి పరీక్షకి పది చోట్ల ఆరంగుళాల లోతున V ఆకారంలో తవ్వి మట్టి తీయాలి. ఎరువు కుప్పలున్న చోటు, చెట్టు నీడ, గట్టు పక్క వద్దు. పార నా దగ్గరుంది, ఒక శుభ్రమైన గుడ్డ సంచి తెచ్చుకో. యూరియా సంచి మాత్రం తేకు, పరీక్ష తప్పుతుంది.

మీ మావయ్య